ఒకే గ్రౌండ్‌లో అన్ని ఆటలూనా? స్టేడియం అపోహలు - వాస్తవాలు

స్టేడియంల ప్లానింగ్, ఎస్టిమేట్లు చూడటం నా పని. ఆ సంగతి తెలియగానే పెళ్లిళ్లలో కూడా ఇవే ప్రశ్నలు.

అపోహ: గ్రౌండ్ పెద్దదైతే చాలు, ఫుట్‌బాల్, క్రికెట్, అథ్లెటిక్స్ అన్నీ ఆడించొచ్చు.

వాస్తవం: టేపు పెట్టి కొలవండి. 400 మీటర్ల ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లు. ఫుట్‌బాల్‌కి 68 చాలు, పడుతుంది. క్రికెట్‌కి పిచ్ మధ్య నుంచి ఒక్క పక్కకే దాదాపు 60 మీటర్లు కావాలి. రెండు పక్కలా కలిపితే 120. ఎక్కడ పట్టిస్తాం?

ఫుట్‌బాల్ పట్టినా ఇంకో చిక్కుంది. ట్రాక్ మలుపు వల్ల గోల్ వెనక మొదటి వరుసకీ గోల్ లైన్‌కీ మధ్య 35 మీటర్లు దాటుతుంది. గచ్చిబౌలిలో ట్రాక్ అవతల కూర్చుని హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్ చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బంతి వలలో పడిందో లేదో ఒక్కోసారి పక్కవాడి కేకను బట్టే తెలుస్తుంది.

దీనికి విరుగుడుగా సింగపూర్ నేషనల్ స్టేడియంలో (2014, 55,000 సీట్లు) కింది వరుసలు జరిగేలా కట్టారు. ఫుట్‌బాల్‌కి ముందుకు, అథ్లెటిక్స్‌కి వెనక్కి. తెలివైన పనే. కానీ ఆ స్టేడియం మీద పెద్ద కప్పుంది. దాని కింద గడ్డికి ఎండ తగలొద్దూ? తెరిచిన ఏడాదే అక్టోబర్‌లో బ్రెజిల్-జపాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఇసుక తేలిన గ్రౌండ్ మీదే జరిగింది. తర్వాత గడ్డి రకమే మార్చారు.

అపోహ: ప్రైవేటువాళ్లు కడితే ప్రభుత్వానికి రూపాయి ఖర్చుండదు.

వాస్తవం: పై స్టేడియం ఉన్న స్పోర్ట్స్ హబ్ అలా కట్టిందే. దాదాపు 133 కోట్ల సింగపూర్ డాలర్లు, 25 ఏళ్ల ఒప్పందం. ముందు డబ్బు పెట్టింది కంపెనీలు, ఏటా వాళ్లకి డబ్బు చెల్లించింది ప్రభుత్వం. ఫ్లాటు ఈఎంఐ లాంటిదే అనుకోండి. చివరికి 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ సంస్థే హబ్‌ను తన చేతిలోకి తీసుకుంది.

అపోహ: ఆటలు ముగిస్తే ఖర్చూ ముగిసినట్టే.

వాస్తవం: మాంట్రియల్‌లో ఒలింపిక్స్ జరిగింది 1976లో. స్టేడియం బాకీ తీరింది 2006లో. మధ్యలో సిగరెట్ల మీద పన్ను వేసి మరీ కట్టుకుంటూ వచ్చారు.

మన దగ్గర ఒక మీటింగ్‌లో రెండు గంటలూ సీట్ల సంఖ్య, ముందు కట్టే ఆర్చి మీదే చర్చ నడిచింది. నిర్వహణ ఖర్చు ఎస్టిమేట్‌లో 'ఇతరములు' కింద ఒక్క లైను. ఏడాదిలో ఎన్ని రోజులు గేట్లు తెరుస్తారు, గడ్డి ఎవరు కోస్తారు అని అడిగాను.

"అవన్నీ ఓపెనింగ్ అయ్యాక చూద్దాం సార్" అన్నారు.