ఎర్ర మేకుల వెంట

పిల్ల గుంటలకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో చెరువుగట్టు కింద ఎర్ర రంగు పూసిన మేకులు చూసి అవేంటని అడిగారు. "కరెంటు లైను పడుతోంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరు అడిగింది అది కాదని రాత్రి పడుకున్నాక తట్టింది. మేకుల వెంట నడుస్తున్న ఆ అమ్మాయి వంగి వంగి పెంటికలు చూస్తోందని కదా మీ నవ్వు!

ఆమె పనే అది. పెద్ద లైను వేసే ముందు ఆ దారిలో ఏ జంతువులు తిరుగుతున్నాయో, ఏ చెట్టు మీద గూళ్లున్నాయో నడిచి చూడాలి. జంతువు ఎదురుపడటం తక్కువ. పెంట, అడుగు, చెట్టు మీద గోళ్ల గీతలు, వీటినే చదువుకోవాలి. మన ఉద్దానంలో చెదపుట్ట చీల్చి ఉంటే ఎలుగుబంటి వచ్చిందేమోనని చూస్తారు. రాత్రి తిరిగేవాటికైతే చెట్టుకు కెమెరా కడతారు. ఎదురుగా ఏదైనా కదిలితే అదే ఫొటో తీసుకుంటుంది.

220 కేవీ (అంటే రెండు లక్షల ఇరవై వేల వోల్టుల) లైనుకు 35 మీటర్ల వెడల్పు దారి కావాలి. ఆ 35 మీటర్లే చూసి ఇంటికి పోతే మాత్రం సర్వే కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురం మీకు తెలుసుగా. సెప్టెంబరు నుంచి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. (సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు, నేనూ మీకు అలాగే చెప్పాను. తప్పు. ఈ మచ్చల పెలికాన్లు పిల్లల్ని పెంచేది దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే.) గూడు ఊళ్లో, తిండి నౌపడ వైపు చిత్తడి నేలల్లో, చెరువుల్లో. మధ్యలో ఒక్క చెట్టు కూడా లేని పొలం ఉందనుకోండి. నేల చూస్తే ఏమీ లేదు. తల ఎత్తితే అదే వాటి రోడ్డు! ఐదు కిలోల పక్షి, రెక్కలు చాపితే రెండు మీటర్లకు పైనే, ఠక్కున పక్కకు తిరగలేదు. టవర్ల కొసన, పిడుగులు లైను మీద పడకుండా ఒక సన్న తీగ ఉంటుంది. కింది లావు తీగల్ని తప్పించుకోబోయి పైకి లేచిన పక్షి దానికి తగులుతుంది. అందుకే ఆ తీగకు కనబడేలా బిళ్లలు తగిలిస్తారు. ఎక్కడ తగిలించాలో తెలియాలంటే పొద్దున్నే, సాయంత్రం పొలంలో నిలబడి ఎన్ని పోతున్నాయో, ఎంత ఎత్తున పోతున్నాయో లెక్కపెట్టాలి.

నేను సర్వేవాళ్ల దగ్గర కొలత చైను లాగే రోజుల్లో ఇలాంటి సర్వేకే వెళ్లాను. మే నెల, మాడు పగిలే ఎండ. రెండు రోజుల్లో ముగించేశాం. చేతిరాత బాగుంటుందని కాగితం నాచేత నింపించారు. "పక్షులు: లేవు" అని రాశాను. మేలో అవి ఎక్కడుంటాయి, పిల్లల్ని తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాయి. ఆ చలికాలం ఒక రైతు లైను కింద పడి ఉన్న పెలికాన్‌ను చూపించాడు. నన్నేమీ అనలేదు, అసలు ఆ కాగితం రాసింది నేనని అతనికి తెలీదు. "మేము చూసిన రెండు రోజులూ లేవు" అని రాసినా బాగుండేది.

పక్షులే కాదు. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. ఏనుగులు వచ్చే దారిలో తీగ ఎంత ఎత్తున ఉందో, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో కూడా చూడాలి.

ఆ అమ్మాయి సంక్రాంతికి మళ్లీ వస్తుందట. మిమ్మల్నీ పక్షుల లెక్కకు తీసుకెళ్తానంది, నవ్వకపోతేనే. తెల్లారకముందే గట్టు మీద ఉండాలి. ఒక నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోండి, పెన్ను మంచుకు తడిస్తే రాయదు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. గట్టు మీద పాములుంటాయి.

మీ తాతయ్య