టైగర్ టాంకుకు లోహం తొడిగే ముందు

చిరంజీవులు కార్తీక్, సహస్రలకు పెదనాన్న ఆశీస్సులు.

మీ హెంగ్ లాంగ్ కంపెనీ టైగర్‌కు, అదే ఆ రిమోట్ బొమ్మ టాంకుకు, లోహపు ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టీలు) కొనిపెట్టమని అమ్మ వెంట పడుతున్నారట. కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ ట్రాకులు ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకే లోపలి గేర్లు అరిగిపోయి టాంకు అటకెక్కుతుంది. అలా ఎందుకవుతుందో, ఏది ముందు మార్చాలో, ఎలా బిగించాలో రాస్తున్నాను. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మొత్తం చదవండి.

మోటారు బలం ఒక వరసలో బయటికొస్తుంది. మోటారు కొసన ఉన్న బుల్లి గేరు, గేర్‌బాక్స్, పక్కకు పొడుచుకొచ్చే ఇరుసు, దాని మీద పళ్ల చక్రం అంటే స్ప్రాకెట్, చివరికి ట్రాకు. ఈ వరసలో ఏది బలహీనమైతే దెబ్బ దానికే. ప్లాస్టిక్ ట్రాకులో గులకరాయి ఇరుక్కుంటే ట్రాకు తెగుతుంది, లేకపోతే స్ప్రాకెట్ మీద జారుతుంది. గేర్లు బతికిపోతాయి. లోహపు ట్రాకు అంత తేలిగ్గా తెగదు, జారదు. ఆ దెబ్బంతా లోపలికి వెళ్లి ప్లాస్టిక్ గేరు పళ్లను కొరుక్కు తింటుంది. అందుకే పని లోపలి నుంచి మొదలుపెట్టాలి. ముందు గేర్‌బాక్సులు, ఆ తర్వాత స్ప్రాకెట్లు, వెనక ట్రాకును బిగువుగా పట్టి ఉంచే చక్రాలు అంటే ఐడ్లర్లు, ట్రాకులు మూడూ కలిపి ఒకే సెట్టుగా. కింద ట్రాకు మీద దొర్లే లోహపు రోడ్డు చక్రాల సంగతి ఆఖర్న. కొన్ని మోడళ్లు కొన్నప్పుడే ఉక్కు గేర్‌బాక్సులతో వస్తాయి. ముందు విప్పి చూడండి, డబ్బులు మిగలొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో అసలు టాంకులకూ ఇదే గొడవ. జర్మనీ వాళ్ల పాంథర్ దాదాపు 45 టన్నుల బండి. తుపాకీ, కవచం గట్టివే. స్ప్రాకెట్‌ను తిప్పే చివరి గేర్లే ఆ బరువుకు ఆగలేక ఎన్నో బళ్లు దారి మధ్యలో నిలిచిపోయాయి.

మరి లోహం ఎందుకు అంటారా? లెక్క చూడండి. అసలు టైగర్ 57 టన్నులు. మీది 1/16 సైజు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారో వంతే కాబట్టి బరువును 16×16×16, అంటే 4096తో భాగించాలి. దాదాపు 14 కిలోలు వస్తుంది. మీ ప్లాస్టిక్ బండి అందులో మూడో వంతు కూడా తూగదు, అందుకే గడప దాటేటప్పుడు గెంతుతుంది. బరువు పెరిగితే ముందుకు వంగి, మెల్లగా ఎక్కి, దిగుతుంది. నన్నడిగితే లోహంలో ఉన్న అందమంతా ఆ నడకలోనే ఉంది, మెరుపులో కాదు.

విప్పేటప్పుడు బ్యాటరీ ముందు తీసేయండి. పై డొక్కను పట్టి ఉంచే స్క్రూలు అడుగు వైపున ఉంటాయి. అవి తీశాక పైభాగాన్ని ఒక్కసారిగా లాగకండి, స్పీకరు, పొగ యంత్రం, టరెట్ (తుపాకీ ఉండే, తిరిగే పైభాగం) వైర్లు బోర్డుకు తగిలించి ఉంటాయి. ప్రతి ప్లగ్గుకూ ఫోనులో ఫొటో తీసి, వైరుకు కాగితం టేపు చుట్టి పేరు రాయండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఏ భాగానివి ఆ భాగానికి వేరుగా ఇడ్లీ ప్లేటు గుంటల్లో పెట్టుకోండి.

కొత్త గేర్‌బాక్సును పెట్టెలోంచి తీసి నేరుగా బిగించొద్దు. మోటారు ఊడదీసి, ఇరుసును వేళ్లతో తిప్పండి. చుట్టంతా ఒకే తీరుగా తిరగాలి. ప్రతి చుట్టులో అదే చోట పట్టేస్తుంటే ఏదో పంటి మీద పొక్కు ఉన్నట్టు. ఆ పంటిని వెతికి సన్న ఆకురాయితో ఒకటి రెండు సార్లు రాయండి, చాలు. లోహపు పొడి గుడ్డతో తుడిచేసి, పళ్ల మీద లిథియం గ్రీజు పలచగా పూయండి. ఎక్కువ పూస్తే మేలు జరగదు, దుమ్మును పట్టుకుని పళ్లను గరగరా అరగదీస్తుంది.

మోటారు తిరిగి పెట్టేటప్పుడు దాని గేరుకూ పక్క గేరుకూ మధ్య సందు సరిగ్గా ఉండాలి. దీనికో కిటుకు ఉంది. న్యూస్‌పేపరు ముక్కను సన్నగా చింపి రెండు గేర్ల మధ్య పెట్టండి. మోటారును దాని మీదికి నొక్కి పట్టుకుని స్క్రూలు బిగించండి. తర్వాత గేరు తిప్పి కాగితాన్ని బయటికి తీయండి. దాని మీద మెట్లు మెట్లుగా మడతలు పడాలి, చిరగకూడదు. చిరిగితే మరీ దగ్గరైంది, మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది. మడతే పడకపోతే దూరమైంది, పళ్లు కొసల మీదే ఆని విరుగుతాయి. మోటారుకు దానితో వచ్చిన స్క్రూలే వాడండి. పొడవువి వేస్తే కొన లోపలికి దూరి రాగి చుట్టను గీరేస్తుంది, మోటారు అక్కడితో సరి.

లోహంలోకి వెళ్లే ప్రతి స్క్రూకూ నీలం రంగు థ్రెడ్‌లాకర్, అంటే స్క్రూ వదలకుండా పట్టే ద్రవం, ఒక చుక్క వేయాలి. లేకపోతే అదురుకు వదులైపోతాయి. ఎరుపుది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూలకు మాత్రం ఏ రంగుదీ వేయకండి. ఏబీఎస్ ప్లాస్టిక్‌కు ఆ ద్రవం తగిలితే స్క్రూ చుట్టూ వెంట్రుక పగుళ్లు వస్తాయి. డొక్కలోని స్తంభం ఒకసారి పగిలిందంటే గేర్‌బాక్సు ఇక గట్టిగా నిలవదు. ప్లాస్టిక్ రంధ్రంలో స్క్రూ పెట్టినప్పుడు ముందు ఎడమకు, అంటే విప్పే వైపుకు మెల్లగా తిప్పండి. టిక్కుమని కొద్దిగా కిందికి దిగినట్టు చేతికి తెలుస్తుంది. పాత మరలోకి కుదిరిందన్నమాట. అక్కణ్నుంచి కుడికి బిగించండి. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోయి రంధ్రం గుల్ల అవుతుంది.

రెండు గేర్‌బాక్సులనూ డొక్కలో వదులుగా నిలబెట్టి, బయటికొచ్చిన ఇరుసు చుట్టూ చూడండి. ప్లాస్టిక్ గోడకు ఎక్కడా తగలకుండా చుట్టూ మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. తగిలితే గోడనే రాయండి, ఇరుసును కాదు. డొక్క పక్కకు మూలమట్టం ఆనించి ఇరుసు నిటారుగా బయటికొస్తోందో లేదో చూసి, అప్పుడు ఒక్కో స్క్రూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించండి. వంకరగా కూర్చుంటే స్ప్రాకెట్ వాలుతుంది, ట్రాకు పదే పదే ఊడుతుంది. ట్రాకు ఊడితే చాలామంది ట్రాకును తిడతారు, తప్పు చాలాసార్లు ఇక్కడ ఉంటుంది.

మోటారు వైర్లకు టంకం పెట్టే పని నాన్న దగ్గరుండగానే చేయండి. పాత మోటారుకు 104 అని రాసి ఉన్న చిన్న కెపాసిటర్లు ఉంటే కొత్తదానికీ పెట్టండి. బ్రష్షుల నిప్పురవ్వల రొద రేడియోలోకి పోకుండా అవే అడ్డుకుంటాయి. ముందుకు పొమ్మంటే ఒక పక్క వెనక్కి తిరిగితే కంగారు పడొద్దు, ఆ మోటారు రెండు వైర్లూ తారుమారు చేయండి.

ఇప్పుడు ట్రాకులు లేకుండా బండిని రెండు పుస్తకాల మీద ఎత్తి పెట్టి, ముందుకు పది నిమిషాలు, వెనక్కి పది నిమిషాలు తక్కువ వేగంలో తిప్పండి. కరెంటు ఎంత లాగుతోందో కొలిచే మల్టీమీటరును 10 ఆంపియర్ల స్కేలు మీద ఒక మోటారు వైరుతో వరసలో కలిపి రీడింగు రాసుకోండి. తర్వాత రెండోదానికి అలాగే చేయండి. రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒక పక్క బాగా ఎక్కువ లాగుతుంటే అటు ఏదో పట్టేస్తోంది. మళ్లీ కాగితం దగ్గర నుంచి మొదలు.

స్ప్రాకెట్లు, ట్రాకులు ఒకే సెట్టులోవి ఎందుకంటే, పంటికీ పంటికీ మధ్య దూరం, లింకుకూ లింకుకూ మధ్య దూరం కలవాలి. ప్లాస్టిక్ స్ప్రాకెట్ మీద లోహపు ట్రాకు వేస్తే కొలత కలవక పళ్లు ఎక్కి దూకుతాయి, ప్లాస్టిక్ పళ్లు నలిగిపోతాయి. పాత ట్రాకు తీసేముందు లింకులు ఎటు తిరిగి ఉన్నాయో ఫొటో తీసుకోండి. టైగర్‌కు స్ప్రాకెట్ ముందుంటుంది, మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 సైనిక బళ్లకూ అంతే. రష్యా వాళ్ల టీ-34 టాంకుకు వెనక ఉంటుంది.

ట్రాకు బిగువు దగ్గరే అందరూ పొరపడతారు. తీగలా లాగి బిగిస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కానీ ఇరుసులు రెండూ ఒకదాని వైపు ఒకటి వంగి బేరింగులు అరుగుతాయి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. టైగర్‌కు పైన ట్రాకును మోసే చిన్న చక్రాలు లేవు. పై వరస రోడ్డు చక్రాల మీదే వాలి ఉండాలి. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ వాళ్లు పట్టుకున్న 131 నంబరు టైగర్ ఇప్పుడు ఇంగ్లండులోని బోవింగ్టన్ టాంక్ మ్యూజియంలో ఉంది. దాని పక్క ఫొటో ముందు పెట్టుకుని చూడండి. మీ బండి మీద మధ్య చక్రం దగ్గర ట్రాకును వేలితో ఎత్తితే సెంటీమీటరు దాకా లేస్తే సరిపోయినట్టే. తిరిగేటప్పుడు స్ప్రాకెట్ దగ్గర టక్ టక్ అంటే వదులు. మొదట ఐడ్లర్‌ను వెనక్కి జరపండి, అది చాలకపోతే ఒక లింకు తీయండి. రెండు పక్కలా లింకుల లెక్క ఒకటే ఉండాలి. కొత్త ట్రాకు మొదటి అరగంటలో లింకులను కలిపే పిన్నుల గరుకు అరిగి కొద్దిగా సాగుతుంది, కాబట్టి అప్పుడు మళ్లీ చూసుకోండి.

పిన్నులు బయటికి జరుగుతుంటాయి. ప్రతి ఆట తర్వాత లోపలి వైపు ఒకసారి చూసి, జరిగినదాన్ని పట్టకారుతో నొక్కి, పుల్ల కొసతో సూపర్ గ్లూ చుక్క దాని చివర మాత్రమే పెట్టండి. కీలు మధ్యకు పోతే ఆ లింకు బిగుసుకుంటుంది. టీ-34లో దీనికి భలే ఉపాయం చేశారు. డొక్కకు ఒక వాలు పలక పెట్టారు, బయటికొచ్చిన పిన్నును నడుస్తుండగానే అది లోపలికి తోసేస్తుంది.

ఇంత బరువుతో ఉన్నచోటే గిరగిరా తిప్పకండి, తివాచీ మీద అసలే వద్దు. మలుపులో ట్రాకు పక్కకు ఈడ్చుకుపోవాలి, మోటార్లకు అంతకన్నా కష్టం లేదు. ముందుకు కదులుతూ తిప్పండి. గ్రానైటు నేల మీద నడిపితే గీతలు పడి నాయనమ్మ చేత మీకు తిట్లు ఖాయం. మట్టి నేల మంచిది, ఇసుక వద్దు. మోటారు మీద మూడు సెకన్లు వేలు ఆనించలేకపోతే ఆట ఆపేయండి. 7.4 వోల్టుల లిథియం బ్యాటరీ అయితే 6.4కు దిగకముందే ఆపాలి, పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఛార్జి పెట్టాలి, మంచం మీద ఎప్పుడూ పెట్టకూడదు.

లోహపు రోడ్డు చక్రాలు, తుపాకీ గొట్టం ఇప్పుడే వద్దు. గేర్‌బాక్సుల వల్ల ముక్కు ఇప్పటికే కొంచెం దిగుతుంది. చక్రాలు కూడా వేస్తే ముందు స్ప్రింగులు గట్టివి కావాలి. బరువైన గొట్టం పెడితే టరెట్ ముందుకు తూగి, దాన్ని తిప్పే చిన్న ప్లాస్టిక్ గేర్లు అరుగుతాయి.

గేర్‌బాక్సులు బిగించాక మల్టీమీటరు రీడింగులు రెండూ రాసి పంపండి. అవి చూసి ట్రాకుల సెట్టు ఏది కొనాలో చెబుతాను.

ఉంటాను,
మీ పెదనాన్న