డెబ్బై గంటలు నలభై అయ్యాక: కో పైలట్ జీతం, ఇంటి మీది అప్పు

2025 డిసెంబరు మొదటి వారంలో విమానాశ్రయాల్లో పెట్టెలు గుట్టలు పడినప్పటి నుంచి పైలట్ల విశ్రాంతి మీద వాదన ఆగడం లేదు. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచాలని, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే చెప్పింది. ఆ నిబంధనల రెండో విడత 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అందుకు తగ్గట్టు పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసి, కొన్ని నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు తెచ్చుకుంది. ఇదంతా టీవీల్లో నలిగిన కథే. కొడుకునో కూతురినో పైలట్ చదివించిన నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో వచ్చే ప్రశ్న వేరు: విశ్రాంతి పెరిగితే మా వాడి జీతం తగ్గుతుందా?

కొందరికి తగ్గుతుంది. ఎందుకో తెలియాలంటే డిసెంబరును వదిలి, 2024 ఏప్రిల్‌కు వెళ్లాలి.

ఆ నెల విస్తారా విమాన సంస్థలో పైలట్లు, ముఖ్యంగా ఫస్ట్ ఆఫీసర్లు (కో పైలట్లు), ఒకరి తర్వాత ఒకరు ఒంట్లో బాగాలేదని డ్యూటీకి రాలేదు. సంస్థ రోజుకు పాతిక, ముప్పై విమానాలు తగ్గించుకోవాల్సి వచ్చింది. ఎయిరిండియాలో విలీనానికి ముందు చేతికిచ్చిన కొత్త ఒప్పందం అందుకు కారణం. అంతకుముందు నెలకు 70 గంటలు ఎగిరినా ఎగరకపోయినా 70 గంటల డబ్బు వచ్చేది. కొత్త కాగితంలో ఆ హామీ 40 గంటలే. ఆపైన ఎగిరితేనే అదనం. ఎయిరిండియా 2023 ఏప్రిల్‌లోనే ఈ పద్ధతి పెట్టింది. కోవిడ్ కాలంలో 20కి పడిపోయిన హామీని తాము 40కి పెంచామని యాజమాన్యం లెక్క. కోవిడ్‌కు ముందు ఉన్నది 70 కదా అని పైలట్ల లెక్క. విస్తారా గొడవ కొన్ని రోజుల్లో సద్దుమణిగింది, 2024 నవంబరు 12న విలీనమూ అయిపోయింది. నలభై గంటల హామీ మాత్రం నిలబడిపోయింది.

యాజమాన్యాల వాదనలో పస లేకపోలేదు. విమానం నేల మీదున్నా లీజు అద్దె కట్టాల్సిందే, ఇంధనం ధర వాళ్ల చేతిలో ఉండదు, ఎక్కువ ఎగిరినవాడికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కాకపోతే ఎన్ని గంటలు ఎగరాలో పైలట్ చేతిలో లేదు. అది ఎవరు ఏ విమానం నడపాలో సంస్థ వేసే రోస్టర్ చేతిలో ఉంది. విశ్రాంతి పెరిగి రోస్టర్‌లో గంటలు తగ్గితే, నలభైకి పైన వచ్చే డబ్బూ తగ్గుతుంది.

లెక్కలోకి వచ్చే గంట ఏదో కూడా చూడాలి. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, దిగి మళ్లీ ఆగే దాకా ఉన్నదే బ్లాక్ అవర్. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని పిలుపు కోసం ఇంట్లో కూర్చున్న స్టాండ్‌బై, సిమ్యులేటర్ పరీక్ష, గ్రౌండ్ క్లాసు, పొగమంచుకు ఆలస్యమై టెర్మినల్లో గడిపిన మూడు గంటలు, ఇవేవీ అందులోకి రావు. సెలవూ అంతే. డెబ్బై గంటల హామీ ఉన్న రోజుల్లో చెల్లెలి పెళ్లికి పది రోజులు ఊరికొస్తే జీతం కదిలేది కాదు. ఇప్పుడు ఆ పది రోజుల్లో పోయే ఇరవై, పాతిక గంటల డబ్బు నేరుగా తగ్గుతుంది. పెళ్లికి రెండు రోజుల ముందొచ్చి మర్నాడే పెట్టె సర్దుకున్న అల్లుడి మీద నిష్ఠూరాలాడే ముందు అత్తగారి వైపువాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

అంకెల్లో పెడితే తేలిగ్గా అర్థమవుతుంది. సంస్థను బట్టి రేట్లు మారతాయి కాబట్టి స్థిర జీతం 60,000, గంటకు 2,000 అనుకుందాం. డెబ్బై గంటలైతే రెండు లక్షలు, నలభై అయితే 1,40,000. ఇప్పుడు ఖర్చు వైపు. పైలట్ చదువుకు ఎనభై లక్షల రుణం, 10.5 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు: నెలకు ఈఎంఐ సుమారు 88,400. పదేళ్లలో తీర్చాలంటే దాదాపు 1,08,000. కోర్సు, ఆపైన ఏడాది దాకా కట్టనక్కర్లేదు కదా అని ఊరుకుంటే, మొత్తం విడుదలైన ఎనభై లక్షల మీద నెలకు 70,000 వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. ఉద్యోగం కోసం రెండేళ్లు ఎదురుచూసినవాళ్లకు అప్పు ఇలాగే పెరిగిపోయింది.

టైప్ రేటింగ్ ఖర్చు చాలామంది ముందు లెక్కలో వేసుకోరు. 200 గంటలు ఎగిరి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్నా, ఎయిర్‌బస్ 320 లాంటి ఒక రకం విమానానికి విడిగా శిక్షణ కావాలి. దానికి మళ్లీ లక్షలు. బ్యాంకు అప్పటికే ఇవ్వాల్సింది ఇచ్చేసి ఉంటుంది. పొలం పెడదామంటే, కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు కనుక విద్యారుణానికి చాలా బ్యాంకులు దాన్ని తనఖాగా తీసుకోవు. టౌనులో ఇల్లో ప్లాటో అడుగుతాయి. అలా పది లక్షలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి వస్తాయి. అది ఏడాదికి 24 శాతం, నెలకు 20,000. డ్యూటీ మొదలయ్యే బేస్ ఉన్న నగరంలో అద్దె పాతిక వేలు, పదిహేనేళ్ల ఈఎంఐ కలిపితే 1,33,400 అక్కడే అయిపోయింది. నలభై గంటల నెలలో మిగిలేది 6,600, అదీ పన్ను, పీఎఫ్ కోతలకు ముందు. కావలి, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద ఆధారపడి ఈ వడ్డీ ఒప్పుకున్న తండ్రులు 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రెండు వైపులా ఇరుక్కున్నారు.

ముందు తీర్చాల్సింది ఆ రెండు రూపాయల అప్పే. కొత్త ఉద్యోగంలో మిగిలిన ప్రతి రూపాయీ బ్యాంకు రుణానికి ముందస్తుగా కట్టి, ఊరి వడ్డీని అలాగే నడిపించడం తరచూ జరిగే పొరపాటు. బ్యాంకు విద్యారుణం వడ్డీకి ఎనిమిదేళ్ల పాటు పన్ను మినహాయింపు ఉంది, ఊరి వడ్డీకి లేదు. ఆ మినహాయింపు కూడా పాత పన్ను విధానంలోనే. సంస్థకు చెప్పకపోతే కొత్త విధానంలో టీడీఎస్ కోసేస్తారు. 2025-26 లెక్కన 18 లక్షల జీతానికి కొత్త విధానంలో పన్ను 1,50,800. తొలి ఏడాది వడ్డీ 8.29 లక్షలు చూపిస్తే పాత విధానంలో లక్ష చిల్లర. యాభై వేలు తేడా. రుణం పిల్లవాడి పేరున ఉండి, వడ్డీ అతని ఖాతా నుంచే వెళ్లాలి.

ఇంట్లో అసలు గొడవ మాత్రం తనఖా దగ్గర మొదలవుతుంది. ఇల్లు తాతల ఆస్తి అయితే బ్యాంకు కూతుళ్ల సంతకాలూ అడుగుతుంది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత వాళ్ల హక్కు సమానం కాబట్టి. అన్న చదువుకని సంతకం పెట్టిన చెల్లెలికి పెళ్లి కుదిరేనాటికి ఆ దస్తావేజులు బ్యాంకులోనే ఉంటాయి. సంతకం రోజునే ఆమె వాటా ఎంత, ఎప్పటికి ఇస్తారు అన్నది ఒక కాగితం మీద రాసుకున్న ఇళ్లలో మాటలు నిలిచాయి. పెళ్లి సంబంధాల్లోనూ ఇదే. కెప్టెన్ జీతం విని వచ్చినవాళ్లకు అబ్బాయి ఇంకా ఫస్ట్ ఆఫీసరని, కెప్టెన్ కావడానికి ఉండాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకే 1,500 గంటలు కావాలని, ఆపైన సీనియారిటీ వరస ఉంటుందని ఎవరూ చెప్పరు. మధ్యవర్తి అసలే చెప్పడు. ఆరు నెలల జీతం స్లిప్పులు, రుణ ఖాతా స్టేట్‌మెంటు నిశ్చితార్థానికి ముందే రెండు వైపులా చూపించుకోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

గంటల జీతంలో ఇంకో ప్రమాదం ఉంది. పైలట్లకు తప్పనిసరైన ఆరోగ్య పరీక్ష క్లాస్ 1 మెడికల్‌లో తాత్కాలికంగా అన్‌ఫిట్ అయితే ఎగరడం ఆగుతుంది, గంటల డబ్బూ ఆగుతుంది. డ్యూటీకి ముందు బ్రెత్ అనలైజర్‌లో మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. 2023 నిబంధనల ప్రకారం ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడకూడదు. ఊరికొచ్చిన కొడుక్కి అమ్మమ్మ పోసే ఆయుర్వేద అరిష్టంలోనూ ఆల్కహాల్ ఉంటుంది. అందుకే ఆరోగ్యం వల్ల లైసెన్సు పోతే ఆదుకునే లాస్ ఆఫ్ లైసెన్సు బీమా మొదటి జీతంతోనే తీసుకోవాలి, మూడు ఈఎంఐల సొమ్ము పక్కన ఉండాలి.

మంచి హామీ ఇచ్చే వేరే సంస్థకు మారదామన్నా అంత సులువు కాదు. 2017 నుంచి కో పైలట్‌కు ఆరు నెలలు, కమాండర్‌కు (కెప్టెన్‌కు) ఏడాది నోటీసు తప్పనిసరి. సంస్థ శిక్షణ ఇప్పించి ఉంటే, గడువుకు ముందు వెళ్లిపోతే డబ్బు కట్టాలనే బాండ్ కూడా ఉంటుంది. దాని మీద హామీదారుగా తండ్రి సంతకం ఉందేమో, ఉంటే ఎంత మొత్తానికో, రాజీనామా లేఖ రాయకముందే చూసుకోవాలి.