మీటిన తొలి క్షణం

1948లో పారిస్ రేడియోలో పనిచేస్తున్న పియేర్ షాఫర్ ఒక గంట మోతను రికార్డు చేసి, దెబ్బ తగిలిన తొలి క్షణాన్ని మాత్రం తీసేశారు. మిగిలిన మోతను వినిపిస్తే అది గంటలా లేదు, ఊది పలికించే వాద్యంలా ఉంది. లోహం మారలేదు, శ్రుతి మారలేదు. పోయింది ఆ దెబ్బ ఒక్కటే.

ఈ ప్రయోగం సంగతి తెలిశాకే సింథసైజర్ (విద్యుత్ సంకేతాలతో ధ్వనిని పుట్టించే వాద్యం) కీబోర్డు మీద అన్ని నాబ్‌లు ఎందుకున్నాయో నాకు అర్థమైంది. వీణా వేణువూ ఒకే షడ్జం పలికినా కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పగలం. స్వరం ఎలా పుట్టింది, పుట్టాక ఎలా మారుతూ పోయింది అన్నదాన్ని బట్టే చాలావరకు ఆ గుర్తు పడతాం. 1987లో వచ్చిన రోలాండ్ డి-50 కీబోర్డు ఈ సూత్రం మీదే నిలబడింది. అప్పట్లో మెమరీ చిప్‌లు ఖరీదు. అందుకని అసలు వాద్యాల నుంచి ఎక్కువగా స్వరారంభాల ముక్కలను రికార్డు చేసి ఉంచి, వాటి వెనక సాగే నాదాన్ని సింథసైజర్‌తోనే పుట్టించారు. తొలి ముక్క నిజమైనదైతే తక్కినదాన్ని కూడా చెవి ఒప్పుకుంటుంది.

కీబోర్డు కొన్నవాళ్లలో చాలామంది అందులో సిద్ధంగా ఉన్న టోన్‌లను వరసగా నొక్కి చూసి, నచ్చినదానితో సరిపెట్టుకుంటారు. అది నాకు బాధగా ఉంటుంది. ఒక్క టోన్‌నైనా మొదటి నుంచి సొంతంగా కట్టి చూడాలి. వీణ లాంటి మోతను కట్టి చూద్దాం.

ముడిసరుకు ఆసిలేటర్ నుంచి, అంటే మూల తరంగాన్ని పుట్టించే భాగం నుంచి వస్తుంది. సాటూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగాన్ని ఎంచుకుని 110 హెర్ట్జ్ స్వరం నొక్కితే దానితోపాటు 220, 330, 440... ఇలా అనుస్వరాలన్నీ, అంటే మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలన్నీ మోగుతాయి. మూలస్వరాన్ని ఒకటోదిగా లెక్కిస్తే రెండోది (220) సగం బలంతో, మూడోది (330) మూడో వంతు బలంతో, అలా తగ్గుతూ పోతాయి. వినడానికి అది కందిరీగల ఝంకారంలా కరుకుగా ఉంటుంది. స్క్వేర్ తరంగంలో బేసి అనుస్వరాలే ఉంటాయి, అందుకే అది కాస్త బోలుగా వినిపిస్తుంది. మన పనికి సాటూతే మేలు.

తరువాత ఫిల్టర్. ఇది జల్లెడ లాంటిది: కటాఫ్ నాబ్ ఎక్కడుంటే అక్కడికి కింది పౌనఃపున్యాలను పోనిచ్చి, పైవాటిని అణుస్తుంది. 1970 నాటి మినీమూగ్ ఫిల్టర్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. కటాఫ్ దాటాక ఒక్కో స్థాయి (అంటే పౌనఃపున్యం రెట్టింపు) పైకి వెళ్లేకొద్దీ తరంగ పరిమాణాన్ని అది సుమారు పదహారో వంతుకు తగ్గించేస్తుంది. కటాఫ్‌ను మెల్లగా పెంచుతూ వినండి. నోరు మూసినట్టున్న ‘ఊ’ క్రమంగా తెరుచుకుని ‘ఆ’ అవుతున్నట్టు ఉంటుంది. రెసొనెన్స్ నాబ్ కటాఫ్ దగ్గరి పౌనఃపున్యాలను ఎత్తి చూపిస్తుంది. మరీ పెంచితే చాలా ఫిల్టర్లు తమంతట తామే ఈల వేస్తాయి.

ఇక అసలు విషయం: అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్. నాలుగూ పక్కపక్కనే ఉండటంతో ఒకే జాతివని అనుకుంటాం, కానీ కాదు. అటాక్, డికే, రిలీజ్ అనేవి కాలాలు: శబ్దం శిఖరానికి చేరడానికి పట్టేది అటాక్, అక్కడి నుంచి సస్టెయిన్ మట్టానికి దిగడానికి పట్టేది డికే, కీ వదిలాక ఆగిపోవడానికి పట్టేది రిలీజ్. సస్టెయిన్ మాత్రం మట్టం, అంటే కీ నొక్కి ఉంచినంతసేపూ శబ్దం నిలిచే ఎత్తు. ఈ ఒక్క తేడా మనసుకు పట్టకపోతే ఎంతసేపు తిప్పినా కోరిన ధ్వని చేతికి చిక్కదు. హార్మోనియంలో గాలి ఉన్నంతసేపూ నాదం నిలుస్తుంది, కాబట్టి దానికి సస్టెయిన్ నిండుగా, రిలీజ్ పొట్టిగా ఉండాలి. వీణ అలా కాదు. మీటిన మరుక్షణం నుంచే తీగ సద్దుమణగడం మొదలవుతుంది. అందువల్ల అటాక్ దాదాపు సున్నా, డికే కొన్ని సెకన్లు, సస్టెయిన్ సున్నా. కీ మీద నుంచి వేలు తీసినా మోత తెగిపోకూడదు కాబట్టి రిలీజ్‌ను కూడా డికే అంత పొడుగ్గా పెట్టాలి.

ఇంత చేసినా మోతకు ప్రాణం రాదు. అదే కరుకుదనం, కాకపోతే నెమ్మదిగా సన్నగిల్లుతుంది. నిజమైన తీగలో ఇలా జరగదు. మీటిన తీగలో పై అనుస్వరాలు త్వరగా చచ్చిపోతాయి, మూలస్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఆరంభంలో తళుక్కుమన్న నాదం పోనుపోను మెత్తబడేది అందుకే. దీన్ని రాబట్టడానికి చాలా సింథసైజర్లలో కటాఫ్ కోసం విడిగా మరో అటాక్–డికే వరస ఉంటుంది. స్వరం పుట్టగానే ఫిల్టర్ తెరుచుకుని, సెకను లోపే సగానికి పైగా మూసుకునేలా దాన్ని అమర్చండి. ఝంకారం కాస్తా తీగ మోతగా మారుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు పులకరించింది నాకు.

గట్టిగా మీటిన తీగ పెద్దగా మోగడమే కాదు, మరింత తళుకుగా కూడా మోగుతుంది. సాధారణంగా కీ కింద రెండు స్పర్శ బిందువులు ఉంటాయి. ఒకటి తగిలాక రెండోది తగలడానికి పట్టిన వ్యవధిని కొలిచి, ఎంత వేగంగా నొక్కామో కీబోర్డు తెలుసుకుంటుంది. ఆ విలువను శబ్ద తీవ్రతకే పరిమితం చేయకుండా ఫిల్టర్‌కు కూడా కలపాలి.

చివరగా గమకం. 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో (ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి భాష) నొక్కిన వేగానికి 0 నుంచి 127 దాకానే అంకెలు ఉన్నాయి. శ్రుతిని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రానికి మాత్రం 16,384 మెట్లు కేటాయించారు, ఎందుకంటే శ్రుతిలో గతుకును చెవి క్షమించదు. ఆ చక్రం పరిధి మామూలుగా రెండు అర్ధస్వరాలు ఉంటుంది. మన సంగీతానికి దాన్ని నాలుగో అయిదో చేసుకోవడం మంచిది. చక్రాన్ని కిందికి తిప్పకండి. వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుందే కానీ తగ్గదు. పై స్వరం నుంచి జారి రావాలంటే, వైణికులు తీగను లాగి ఉంచి మీటి తరువాత వదిలినట్టే, చక్రాన్ని ముందే ఎత్తి పట్టుకుని కీ నొక్కి, మెల్లగా వదలాలి.