గేటు దగ్గర గార్డుకు లైసెన్సు చట్టం ఉంది, డిటెక్టివ్‌కు లేదు

మాదాపూర్‌లో ఏ ఆఫీసు గేటు దగ్గరికైనా సెక్యూరిటీ గార్డును పంపే ఏజెన్సీకి 2005 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. అదే ఆఫీసులోని మేనేజరు ఎవరిని కలుస్తున్నాడో కనిపెట్టి రిపోర్టు రాసే డిటెక్టివ్ ఏజెన్సీకి అలాంటిదేమీ అక్కర్లేదు. షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు ఉంటే బోర్డు తగిలించేయొచ్చు.

చట్టం చేయాలని చూడకపోలేదు. 2007 ఆగస్టులో డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణ బిల్లు రాజ్యసభకు వచ్చింది. లైసెన్సు తప్పనిసరి చేయాలని, కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ బోర్డులు పెట్టాలని అందులో ఉంది. అది స్థాయీ సంఘానికి వెళ్లింది, ఏళ్లపాటు మూలన పడింది, చివరికి ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

బిల్లు వచ్చిన అదే 2007లో హైదరాబాద్‌లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక విడాకుల కేసు వచ్చింది. భార్య ఫోన్ మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసిన భర్త వాటిని కోర్టుకు ఇచ్చాడు. కొన్ని మాటలు తనవి కావని ఆమె అంటే, గొంతు పరీక్ష చేయించమన్నాడు. హైకోర్టు కుదరదంది. భార్య మాటలను చాటుగా పట్టడం ఆమె గోప్యతను కాలరాయడమే, నిజమైన రికార్డింగే అయినా సాక్ష్యంగా చెల్లదు అని తేల్చింది. పార్లమెంటు గీయలేని గీతను ఒక ఇంటి గొడవ గీసిందన్నమాట. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది ఆ తర్వాత పదేళ్లకు, 2017 ఆగస్టులో.

అయితే ఆ గీత గట్టిగా నిలబడలేదు. సాక్ష్యం ఎలా దొరికిందన్నది కాదు, కేసుకు పనికొస్తుందా లేదా అన్నదే ముఖ్యమని 1970ల నుంచీ సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. 2025 జులైలో, జీవిత భాగస్వామి మాటలను రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పిచ్చింది. ఇది విని కొందరు క్లయింట్లు ఇక అన్నిటికీ తలుపులు తెరుచుకున్నాయనుకుంటారు. నా దృష్టిలో అది తప్పు లెక్క. ఆ తీర్పు భార్యాభర్తల మధ్య మాటలకు సంబంధించింది. డబ్బులిచ్చి పెట్టుకున్న మూడో మనిషి ఫోన్లలోకి దూరడానికి అనుమతి కాదు.

ఈ వృత్తికి చెడ్డపేరు ఎక్కువగా కాల్ డేటా, అంటే ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న రికార్డులు, దొంగచాటుగా సంపాదించడం వల్లే వచ్చింది. 2013లో బీజేపీ నేత అరుణ్ జైట్లీ కాల్ రికార్డుల వ్యవహారంలో ఢిల్లీ పోలీసులు ఒక కానిస్టేబుల్‌తో పాటు ప్రైవేట్ డిటెక్టివ్‌లనూ అరెస్టు చేశారు. 2018లో థానేలోనూ ఇలాంటి ముఠానే దొరికింది. టెలికాం కంపెనీలోనో పోలీసు శాఖలోనో ఒక 'మనవాడు' ఉండటమే వీళ్ల నైపుణ్యం. దాన్ని పరిశోధన అనడానికి నాకు మనసొప్పదు.

వ్యాపార రంగంలో కథ వేరు. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. ఆడిటర్ల మీద వచ్చిన ప్రధాన విమర్శ ఏమిటంటే, కంపెనీ చేతికిచ్చిన కాగితాలనే నమ్మారు, బ్యాంకులతో సొంతంగా సరిచూసుకోలేదు అని. అక్కడ కావాల్సింది చాటుమాటు నిఘా కాదు, బ్యాంకుకు నేరుగా ఒక ఉత్తరం రాయడం. ఈ నగరంలో పద్ధతిగా పనిచేసే డిటెక్టివ్‌ల పని ఇప్పటికీ ఇలాంటిదే. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గరున్న ఫైలింగులు, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత యాజమాన్యం చూపే లింకు డాక్యుమెంట్లు, కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో పెండింగ్ కేసులు, యూనివర్సిటీ నుంచి డిగ్రీ నిర్ధారణ. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది కానీ కోర్టులో నిలబడేది ఇదే.

పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో నడిచే భరణం కేసు తీసుకోండి. భర్త ఉద్యోగం పోయిందంటాడు. అతను రోజూ పొద్దున ఒక ఆఫీసులోకి వెళ్లడం రోడ్డు మీద నుంచి వీడియో తీయడం ఒక దారి. బ్యాంకులో తెలిసినవాడి చేత స్టేట్‌మెంట్ తీయించడం ఇంకో దారి. రెండోదాని అవసరమే లేదు. భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌గా ఇవ్వాల్సిందేనని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమానముంటే ఆ వీడియో చూపించి జీతం రికార్డులు తెప్పించమని కోర్టునే అడగొచ్చు.

ఆ వీడియోకూ తతంగం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఏ ఫోన్‌తో తీశారు, మోడల్, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), ఫైలు మారలేదని తేల్చే హ్యాష్ విలువ, అన్నీ అందులో రాయాలి. ఒక భాగం దాఖలు చేసేవాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి. తీసినవాణ్ని బోనెక్కించి ఎక్కడ నిలబడ్డావు, ఎవరని చెప్పుకున్నావు అని అవతలి లాయరు అడుగుతాడు. కొరియర్ బాయ్‌నని అబద్ధం చెప్పి లోపలికి వెళ్లుంటే రిపోర్టు మొత్తం మీద నమ్మకం అక్కడే సడలిపోతుంది. ఒక స్త్రీ ఇష్టంలేదని చెప్పినా ఆమె వెంటపడి తిరిగితే స్టాకింగ్ కేసే ఎదురవ్వొచ్చు.

కొత్తగా వచ్చింది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. చట్టపరమైన హక్కు కోసం అవసరమైన సమాచారానికి, ఆ మనిషి అనుమతి తీసుకోవడం సహా ఇందులోని నిబంధనల నుంచి చాలావరకు మినహాయింపు ఉంది. భద్రంగా దాచే బాధ్యత మాత్రం తప్పదు. అంటే లాయరు కోసం చేసే పనికి దారి ఉంది. కానీ ఏజెన్సీలకు రోజూ అన్నం పెట్టే పెళ్లి ఎంక్వైరీల్లో కేసూ ఉండదు, క్లెయిమూ ఉండదు. పెళ్లికొడుకు గురించి వాకబు చేయాలంటే పెళ్లికొడుకు అనుమతే తీసుకోవాలా అన్న ప్రశ్నకు ఏజెన్సీలు ఇప్పుడే జవాబు వెతుక్కోవాలి.