రోహిణి కార్తెలో బ్యాట్‌మ్యాన్

సూపర్‌మ్యాన్ 1938లో అమెరికా కామిక్స్‌లోకి వచ్చాడు. మరుసటి ఏడాదే బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. మొదటివాడు వేరే గ్రహం నుంచి ఊడిపడ్డవాడు, తుపాకీ గుండు తగిలినా ఛాతీ దులుపుకుని వెళ్లిపోతాడు. రెండోవాడికి అలాంటి మహిమలేవీ లేవు. డబ్బుంది, పంతం ఉంది, కసరత్తుతో పెంచిన కండ ఉంది. ఆ వెంటనే 1940లో విలన్లు జోకర్, లెక్స్ లూథర్, 1941లో విల్లు పట్టుకుని గ్రీన్ యారో, 1960లలో ఐరన్ మ్యాన్, ఇంకో విలుకాడు హాక్‌ఐ వచ్చారు. వీళ్లంతా ఒట్టి మనుషులే. అందుకేనేమో, పిల్లలకే కాదు, నలభై దాటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా వీళ్లంటే ఓ ప్రత్యేకమైన అభిమానం. గట్టిగా కష్టపడితే మనమూ అలా కావచ్చేమో అనిపిస్తుంది.

అయితే బొమ్మల్లో చూసే పనులను శరీరశాస్త్రం, భౌతికశాస్త్రం లెక్కల్లో పెట్టి చూస్తే ఓ తమాషా బయటపడుతుంది. వీళ్ల విన్యాసాల్లో కొన్నింటికి సాధనతో చాలా దగ్గరగా వెళ్లొచ్చు. అవి చేసిన తర్వాత ఒంటికి ఏమవుతుందన్నదే కథలో ఎక్కడా రాదు. చెమట, నిద్ర, వాపు, విరిగిన ఎముక అతుక్కోవడానికి పట్టే వారాలు ఏవీ కనిపించవు. శక్తుల్లేని హీరోకి రచయితలు చాటుగా ఇచ్చిన శక్తి అది. ఎంత వాడుకున్నా వాడి ఒళ్లు బాకీ అడగదు.

ఆ బాకీ లెక్క తేల్చడానికి బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ కన్నా విజయవాడ మంచి ఊరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. మే నెలాఖరులో, రాత్రి పదకొండింటికి, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద మన బ్యాట్‌మ్యాన్ నిలబడ్డాడనుకుందాం. ఎండ లేదు, నిజమే. గాలి మాత్రం ముప్పై డిగ్రీలకు దిగనంటోంది. పైగా పక్కనే కృష్ణ, దాంతో ఉక్కపోత. ఒంటి మీద నల్లటి సూటు, దానికింద గుండ్లు ఆపే కవచం, తలకు ముసుగు, చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు, వెనక పెద్ద దుప్పటి లాంటి కేప్.

ఇప్పుడు ఓ పదిమంది రౌడీలతో కొట్లాట మొదలైంది. కండరం తిన్న శక్తినంతా పనిగా మార్చలేదు. ఐదో వంతో, నాలుగో వంతో కదలికగా మారుతుంది, మిగతాదంతా వేడి అయిపోతుంది. గట్టిగా శ్రమించే మనిషి ఒంట్లో సుమారు 500 వాట్ల వేడి పుడుతుంది. మామూలుగా దీన్ని చెమట తీసుకుపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది, అంటే గంటకు లీటరు ఆరితే చాలు, ఈ 500 వాట్లూ సర్దుకుపోతాయి. చెమట కారితే లాభం లేదు, ఆరాలి. సూటు లోపల ఆరే దారి లేదు. కోవిడ్ రోజుల్లో పీపీఈ కిట్లు వేసుకుని వార్డుల్లో పనిచేసిన నర్సులను అడగండి, గ్లవ్స్ తీస్తే నీళ్లు ధారగా కారేవని చెబుతారు.

వేడి బయటికి పోకపోతే ఏమవుతుంది? 80 కిలోల మనిషి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగాలంటే సుమారు 280 కిలోజౌళ్లు కావాలి. 500 వాట్ల చొప్పున అది తొమ్మిదిన్నర నిమిషాల్లో పోగవుతుంది. 37 దగ్గర మొదలుపెట్టిన మనిషి అరగంటలో 40 డిగ్రీలకు చేరతాడు. అక్కడి నుంచి వడదెబ్బ సరిహద్దు. తల తిరుగుతుంది, మాట తడబడుతుంది, ఎదుటివాడు రౌడీయో కానిస్టేబులో తెలియదు. కాసేపట్లో పడిపోతాడు. అప్పుడు రౌడీలే మజ్జిగ తాగించాలి.

ఇందులో సాధన పనికొచ్చే భాగం కూడా ఉంది. పది, పద్నాలుగు రోజులు వేడిలో క్రమంగా పనిచేస్తే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మే నెలలో ఇటుకలు మోసే కూలీల ఒళ్లు ఇలాగే అలవాటు పడుతుంది. కానీ ఎంత అలవాటు పడ్డ ఒంటికైనా చెమట ఆరడానికి గాలి తగలాలి. ఆ లెక్కన 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్‌తో మనకు దగ్గరైన ఫాంటమ్ కొంత నయం, అడవిలో తిరిగినా ఒంటికి అతుక్కున్న పలచటి బట్టే. ఐరన్ మ్యాన్ సంగతి వద్దు, ఆ ఇనప డబ్బాలో మొదట పెట్టాల్సింది ఏసీ.

నిద్ర గురించి రెండు ముక్కలు. బ్యాట్‌మ్యాన్‌కు పగలు కంపెనీ బోర్డు మీటింగు, రాత్రంతా పహారా. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03. చుక్క ముట్టకపోయినా బ్యాట్‌మొబైల్ నడిపేవాడు తాగి నడిపేవాడితో సమానమే.

ఇక తాడు. మూడంతస్తుల ఎత్తు నుంచి, అంటే తొమ్మిది మీటర్లు పడుతూ, చివరి క్షణంలో కొక్కెం విసిరి ఒంటి చేత్తో వేలాడటం ఈ కథల్లో మామూలు. తొమ్మిది మీటర్లు పడేసరికి వేగం గంటకు 48 కిలోమీటర్లు. తాడు బిగుసుకుని సెకనులో పదో వంతులో ఆపేస్తే, 80 కిలోల మనిషి భుజం మీద పడే లాగుడు ఒక టన్నుకు పైనే. భుజం కీలు ఒంట్లో అన్నిటికన్నా తేలిగ్గా జారే కీలు. కండ పెంచినంత మాత్రాన ఇది మారదు. పర్వతారోహకులు సాగే తాళ్లు వాడేది ఇందుకే, ఆగే సమయం పెరిగితే లాగుడు తగ్గుతుంది. కేప్‌తో తేలుతూ దిగడాన్ని ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు లెక్కకట్టారు. 150 మీటర్ల భవనం మీంచి దూకితే తేలగలడట, కానీ నేల తాకేటప్పుడు వేగం గంటకు 80 కిలోమీటర్లు. బందర్ రోడ్డు మీద ఆ వేగంతో స్కూటర్ నుంచి పడ్డా సంగతి ఏమిటో మనకు తెలుసు.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది మరొకటి. హీరో ఎవరినీ చంపడు, మంచివాడు కదా, తల మీద ఒక్కటిచ్చి స్పృహ తప్పిస్తాడు. ఆ రౌడీ గంట తర్వాత లాకప్‌లో తల పట్టుకుని లేస్తాడు, అంతే. నిజానికి దెబ్బకు తల గిర్రున తిరిగినప్పుడు పుర్రె లోపల మెదడు మెలిపడుతుంది. నాడీకణాల పొడవాటి తీగలు సాగి దెబ్బతింటాయి. వైద్యుల లెక్కలో అరగంట దాటి స్పృహ లేకపోతే అది చిన్న దెబ్బ కిందకు రాదు. బ్యాట్‌మ్యాన్ ఒక్క రాత్రి కొట్టినవాళ్లను అంబులెన్సుల్లో గుంటూరు జీజీహెచ్‌కు పంపితే న్యూరోసర్జరీ వార్డులో మంచాలు చాలవు. వాళ్లలో కొందరికి జ్ఞాపకం, నడక, కోపం మీద అదుపు ఎప్పటికీ తిరిగిరావు. బాక్సర్లకు ఇలా పదేపదే దెబ్బలు తగిలి వచ్చే జబ్బును హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు 1928లోనే వర్ణించాడు. బ్యాట్‌మ్యాన్ పుట్టడానికి పదకొండేళ్ల ముందు! దశాబ్దాలుగా దెబ్బలు తింటున్న జోకర్ ఇంకా చమత్కారంగా మాట్లాడుతున్నాడంటే, శక్తుల్లేవన్న మాట నమ్మడం కష్టం.

విలన్లలో మిగతావాళ్ల మీద నాకు ఇంత అనుమానం లేదు. లెక్స్ లూథర్‌కు గోడలెక్కే పని లేదు. డబ్బు, బుర్ర, జీతానికి మనుషులు చాలు. మాఫియా నాయకుడు కింగ్‌పిన్ కూడా అంతే, ఎప్పుడో తప్ప కుర్చీలోంచి లేవడు. ఒళ్లు కదపకుండా అవతలివాళ్ల ఒళ్లు వాడుకోవడానికి మహిమలు అక్కర్లేదు, అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. 1976లో వచ్చిన బుల్స్‌ఐ మాత్రం వేరు. పేకముక్క విసిరినా గురి తప్పదు వాడికి. విసిరే చెయ్యి సెకనుకు వెయ్యి డిగ్రీల వేగంతో తిరుగుతోందనుకుంటే, వేళ్లు ఒక మిల్లీసెకను ఆలస్యంగా విడిచినా దిశ ఒక డిగ్రీ మారుతుంది. ఐదు మీటర్ల దూరంలో అది దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల తేడా. కంటికి గురిపెట్టింది చెవి పక్కనుంచి పోతుంది. మన నాడుల్లో కబురు నడిచే తీరులోనే ఆ మిల్లీసెకను పాటి తడబాటు ఉంటుంది. ఎంత సాధన చేసినా ప్రతిసారీ దాన్ని సున్నా చేయలేం.

మరి వీళ్లలో నిజానికి దగ్గరగా ఉన్నవాళ్లెవరు? నా ఓటు విలుకాళ్లకు. ఆ మాట విజయవాడ నుంచి చెప్పడం తేలిక. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని స్థలపురాణం. దివ్యాస్త్రాలున్నవాడు మన జాబితాలోకి రాడు, ఏకలవ్యుడు వస్తాడు. పురాణం పక్కన పెడితే, ఈ ఊరు దేశానికి నిజమైన విలుకాళ్లను ఇచ్చింది. ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, ప్యారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్ ఇద్దరూ ఇక్కడివాళ్లే.

సురేఖ పట్టేది కాంపౌండ్ విల్లు. దాని రెండు కొసల్లో గుండ్రం కాని కప్పీలు ఉంటాయి. మొదట లాగేటప్పుడు ఇరవై కిలోలకు పైగా బరువు తగులుతుంది, చివరికొచ్చేసరికి కప్పీలు తిరిగి ఆ బరువు ఐదారు కిలోలకు పడిపోతుంది. దాంతో గురి చూడటానికి తీరిక దొరుకుతుంది. గురి ఎంత సన్నమంటే, 50 మీటర్ల దూరంలో పది మార్కుల వలయం అడ్డం ఎనిమిది సెంటీమీటర్లు. అందులో పడాలంటే బాణం దిశ ఒక డిగ్రీలో ఇరవయ్యో వంతుకు మించి మారకూడదు. సెకనుకు 85 మీటర్ల వేగంతో వెళ్లే బాణం 0.6 సెకన్లలో అక్కడికి చేరుతుంది, ఈలోగా గురుత్వాకర్షణ దాన్ని మనిషి ఎత్తంత కిందికి లాగేస్తుంది. ఆ లెక్కంతా విల్లు మీద గురి చూసే సైట్‌లో ముందే సర్ది ఉంటుంది.

ఇప్పుడు హాక్‌ఐని చూడండి. మేడ మీంచి దూకుతూ బాణం వేస్తాడు. ఐదు మీటర్లు పడేసరికి అతని వేగం సెకనుకు పది మీటర్లు. ఆ వేగం బాణానికీ అంటుకుంటుంది. సెకనుకు 60 మీటర్లతో వెళ్లే బాణం దిశ తొమ్మిది డిగ్రీలకు పైగా కిందికి వాలిపోతుంది. ఇరవయ్యో వంతు డిగ్రీ ఆటలో తొమ్మిది డిగ్రీలు! గ్రీన్ యారో ఇంకా ముందుకెళ్లి బాణం మొనకు బాక్సింగ్ గ్లవ్ కడతాడు. విల్లు ఇచ్చే శక్తి 36 జౌళ్లనుకుంటే, ఇరవై గ్రాముల బాణానికి బదులు మూడు వందల గ్రాముల బరువు పంపితే వేగం సెకనుకు 60 నుంచి 15 మీటర్లకు పడిపోతుంది. ఎంత ఎత్తు పెట్టి వేసినా పాతిక మీటర్లు దాటదు. బీసెంట్ రోడ్డులో ఈ కొట్లోంచి వేస్తే నాలుగు కొట్ల అవతల పడుతుంది. పైగా వేళ్లతో విడిచే విల్లులో బాణం చేపలా మెలికలు తిరుగుతూ విల్లును తప్పించుకుని వెళ్తుంది. ఆ మెలిక విల్లు బలానికి సరిపోవాలంటే బాణం బిగువు కచ్చితంగా కుదరాలి, ముందు బరువు కడితే ఆ లెక్కంతా తారుమారు.

నిజమైన విలుకాళ్ల దగ్గర కామిక్స్‌కు అందని విశేషం చూపులో ఉంది. ద్రోణుడు అడిగితే పిట్ట కన్ను ఒక్కటే కనిపిస్తోందన్న అర్జునుడి కథ మనకు తెలుసు. కెనడా శాస్త్రవేత్త జోన్ వికర్స్ 1990లలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల కళ్ల కదలికలను కొలిచి, అలాంటి విషయమే చూసింది. బంతి విసిరే ముందు నిపుణుల చూపు లక్ష్యం మీద ముందుగా నిలుస్తుంది, ఎక్కువసేపు కదలకుండా ఉంటుంది. దానికి క్వైట్ ఐ అని పేరు పెట్టింది. విలుకాళ్లలో బాణం విడిచే ముందు గుండె వేగం కూడా కాస్త తగ్గుతుందని కొలతలు చెబుతున్నాయి. ఇదంతా నేర్చుకుంటే వచ్చేదే. రోజుకు వందల బాణాలు, అది కూడా ఏళ్ల తరబడి. భుజం నొప్పి వస్తే విల్లు పక్కన పెట్టాలి, నిద్ర చాలకపోతే మర్నాడు గురి చెదురుతుంది. ఇక్కడ ఒళ్లు ఏ బాకీనీ వదిలిపెట్టదు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్లో సురేఖ కొరియా అమ్మాయిని 149–145తో ఓడించింది. పదిహేను బాణాలు, మొత్తం 150. అంటే పద్నాలుగు పదిలో పడ్డాయి, ఒకటి తొమ్మిదిలో. లెక్క ప్రకారం ఆ తొమ్మిది కూడా నడిమధ్య నుంచి బెత్తెడు దూరం దాటలేదు.