ఎలుక ఎముకలో పసుపు గీత

ఎదిగే ఎలుకపిల్లకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, ఆ రోజు కొత్తగా గట్టిపడుతున్న ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుని ఆ మందు అక్కడే ఉండిపోతుంది. తర్వాత ఎముకను పలుచగా కోసి అతినీలలోహిత కాంతిలో చూస్తే పసుపుపచ్చని గీత మెరుస్తుంది. ఆ గీతకీ, ఎముక చివర పెరుగుదల జరిగే పొర అయిన గ్రోత్ ప్లేట్‌కీ మధ్య దూరాన్ని గడిచిన రోజులతో భాగిస్తే, ఎముక రోజుకు ఎంత పెరిగిందో తెలిసిపోతుంది. స్కేలుతో కొలిచినప్పుడు ఈ సంగతి తెలియదు.

టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అప్పుడు అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఎముకలో ఆ మెరుపు సంగతి 1957లో బయటపడింది. అప్పటికి ఆయన లేరు.

గ్రోత్ ప్లేట్ అంటే పొడవాటి ఎముకల చివర ఉండే మెత్తటి మృదులాస్థి పొర. కణాలు అందులో నాణేల దొంతరల్లా ఉంటాయి. అవి విభజన చెంది, ఆపైన ఉబ్బుతాయి. పొడవులో ఎక్కువ వాటా ఈ ఉబ్బడానిదే. గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేసే పిట్యూటరీ గ్రంథి తీసేసిన ఎలుకలో ఈ పొర పలచబడిపోతుంది. గ్రోత్ హార్మోన్ ఎక్కిస్తే మళ్లీ మందమవుతుంది. హార్మోన్ బలాన్ని తూచడానికి ఈ మందాన్నే 1949లో బర్కిలీ శాస్త్రవేత్తలు కొలబద్దగా చేసుకున్నారు.

మరి హార్మోన్ నేరుగా ఎముక మీదే పనిచేస్తోందా? 1957లో సెయింట్ లూయిస్‌లో సాల్మన్, డాగడే అనే శాస్త్రవేత్తలు పిట్యూటరీ లేని ఎలుకల మృదులాస్థిని గాజుపాత్రలో ఉంచి, రేడియోధార్మిక సల్ఫేటును ఎంత పీల్చుకుంటుందో చూశారు. ఎక్కువ పీల్చుకుంటే మృదులాస్థి పెరుగుతోందని అర్థం. మామూలు ఎలుక సీరం (రక్తంలోంచి కణాలు తీసేసిన ద్రవం) పోస్తే బాగా పీల్చుకుంది. గ్రోత్ హార్మోన్‌ను నేరుగా పోస్తే దాదాపు చలనం లేదు. అంటే మధ్యలో మరో దూత ఉండాలి. దాన్నే ఇప్పుడు ఐజీఎఫ్-1 (ఇన్సులిన్ లాంటి పెరుగుదల కారకం) అంటున్నాం. రక్తంలో తిరిగేది ఎక్కువగా కాలేయం నుంచి వస్తుంది.

కథ అక్కడితో తేలిపోలేదు. 1982లో స్వీడన్‌కు చెందిన ఇసాక్సన్ బృందం ఎలుక ఒక కాలి గ్రోత్ ప్లేట్‌లోకే హార్మోన్ ఎక్కించింది. ఆ కాలి ఎముక రెండోదాని కంటే వేగంగా పెరిగింది. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. రెండు కాళ్లలో ప్రవహించేది ఒకటే రక్తం కాబట్టి, తేడా కాలేయం వల్ల వచ్చిందనడానికి వీల్లేదు. హార్మోన్ అక్కడికక్కడే పనిచేస్తుందన్నమాట, దూత ద్వారానూ పనిచేస్తుందన్నమాట.

అయితే ఎలుకను చూసి మనిషి గురించి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. అండాశయాలు తీసేసిన ఆడ ఎలుక ఎముకలు ఇంకాస్త పొడవు పెరుగుతాయి, అంటే అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరుగుదలకు కళ్లెం వేస్తోంది. కానీ ఎలుకలో గ్రోత్ ప్లేట్ పెద్దయ్యాక కూడా పూర్తిగా మూసుకుపోదు. మనలో మూసుకుపోతుంది. దాన్ని మూసేది ఏ హార్మోనో ఎలుక స్పష్టంగా చెప్పలేకపోయింది. 1994లో 28 ఏళ్ల ఒక యువకుడి ఎక్స్‌రే చెప్పింది. అతని శరీరం ఈస్ట్రోజెన్‌కు స్పందించదు. ఎత్తు 204 సెంటీమీటర్లు, గ్రోత్ ప్లేట్లు ఇంకా తెరిచే ఉన్నాయి.